తంబాకు చాట పక్కన పాకే పిల్లల గురించి బహిరంగ లేఖ

బీడీ కంపెనీల యాజమాన్యాలకు,
కార్మిక సంక్షేమం, శిశు సంక్షేమం, ప్రజారోగ్యం చూసే అధికారులకు,

నమస్కారం.

నేను ఉత్తర తెలంగాణలోని ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. మా అమ్మ దాదాపు నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. నా చదువుకు ఫీజు కట్టింది, నా పెళ్లి చేసింది ఆ బీడీల పైసలతోనే. అందుకని ఇది బీడీ పని మీద కోపంతో రాస్తున్న ఉత్తరం అనుకోకండి. బీడీలు చుట్టేవాళ్లు తంబాకును చాటలో పోసుకుని ఒళ్లో పెట్టుకుంటారు. ఆ ఇళ్లలో పాకే పిల్లలు ఆ తంబాకు ఎక్కడ మింగుతారోనన్న భయం పట్టుకుని రాస్తున్నాను.

ఇదే విషయం మీద మా వాడకట్టు ఆడవాళ్లం మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాం. మొదటిసారి రసీదు ఇచ్చారు. రెండోసారి "సంబంధిత శాఖకు పంపాం" అన్నారు. మూడోసారి ఇది ఏ శాఖ కిందికి వస్తుందో తేలడం లేదన్నారు. పిల్లల సంగతి కాబట్టి ఒకరి దగ్గరికి, పని సంగతి కాబట్టి ఇంకొకరి దగ్గరికి, ఆస్పత్రి సంగతి కాబట్టి మరొకరి దగ్గరికి పొమ్మన్నారు. తంబాకు ఇచ్చి బీడీలు తీసుకునే కంపెనీ సెంటర్లో అడిగితే "ఇంట్లో పిల్లల్ని చూసుకోవడం మీ పని" అన్నారు. అందుకే ఇప్పుడు మీ అందరికీ కలిపి ఒకటే ఉత్తరం, అందరూ చదివేలా.

ముందు ఏం జరిగిందో చెప్తాను. ఆ తల్లి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, ఆస్పత్రుల పేర్లు రాయను. ఎవరినీ దోషిగా నిలబెట్టాలని నాకు లేదు.

ఆ రోజు మా అంగన్‌వాడీ సెంటర్లో బాలామృతం (పసిపిల్లలకు ఇచ్చే పోషకాహార పొడి) ప్యాకెట్లు పంచుతున్నాను. పొద్దున పదకొండు కావస్తోంది. మా వెనక గల్లీలో ఒక ఇల్లుంది. ఒకటే గది, ముందు చిన్న వసారా. తల్లి వసారాలో గోడకు ఆనుకుని బీడీలు చుడుతోంది. పది నెలల పాప పక్కనే ఆడుకుంటోంది. లోపల పొయ్యి మీద అన్నం పొంగిన చప్పుడు వినపడి, ఒళ్లోని చాట కింద పెట్టి లేచింది. గిన్నె మీద మూత తీసి, మంట తగ్గించి, గంటెతో ఒకసారి కలిపి వచ్చింది. అంతే. వచ్చేసరికి పాప చాట అంచు పట్టుకుని కూర్చుని ఉంది. గడ్డం మీద గోధుమరంగు చొంగ కారుతోంది. కుడి పిడికిలి ఇంకా మూసే ఉంది. విప్పి చూస్తే అరచేతికి తడి తంబాకు అంటుకుని ఉంది.

తల్లి కొంగుతో నోరు తుడిచింది. అత్త ఉప్పు నీళ్లు తాగించింది. పది పదిహేను నిమిషాలకు పాప కక్కింది. మళ్లీ కక్కింది. మొహం తెల్లగా పాలిపోయింది, నుదుటి మీద చెమట పట్టింది. కక్కింది కదా, పోయిందిలే అనుకున్నారు. ఇంకాసేపటికి మెడ నిలపడం మానేసింది. అప్పుడు పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చారు. "టీచరమ్మా, పిల్ల సోయిల లేదు" అంది తల్లి. ఏం తిన్నదని అడిగాను. "ఏం తిన్నదో తెల్వదు" అంది. మళ్లీ అడిగాను, అదే మాట. నేను వేలికి తడిగుడ్డ చుట్టుకుని పాప బుగ్గ లోపల తుడిస్తే చిన్న చిన్న తంబాకు రేకులు వచ్చాయి. ఆ గుడ్డను అట్లాగే మడిచి కవర్‌లో పెట్టుకుని ఆటో ఎక్కాను.

మొదట వెళ్లిన చోట డాక్టర్ గారు చొంగ, వాంతులు, చెమట చూసి "పురుగుమందు ఏమైనా మింగిందా?" అని అడిగారు. తల్లి తల దించుకుంది. నేను కవర్ తీసి గుడ్డ చూపించాను. అప్పుడు దారి దొరికింది. కాగితం రాసిచ్చి పెద్దాస్పత్రికి పంపారు. ఆ రాత్రంతా ఆక్సిజన్, సెలైన్. మర్నాడు సాయంత్రం పాప లేచి కూర్చుని పాలు తాగింది.

తర్వాత వారానికి ఆ తల్లి నాతో అన్నమాట ఇది: "తంబాకు అని చెప్తే కంపెనోళ్లు కార్డు తీసేస్తరని భయమయింది అక్కా. మా అత్త ముంగట చెప్పాలన్నా భయమే." కంపెనీ కార్డు పోతే పని పోయినట్టే. బిడ్డ ప్రాణం పోతున్నప్పుడు కూడా ఆమె నోరు మూయించిన ఆ భయమే నన్ను ఈ ఉత్తరం దాకా తెచ్చింది.

ఇప్పుడు మీ ముందు పెడుతున్న విషయాలు:

1. చాటలో ఉన్నది విషమే. తంబాకులో ఉండే నికోటిన్ పెద్దవాళ్లకు అలవాటయ్యే మత్తు. చిన్న పిల్లలకు అది నేరుగా విషం. 2001లో అచ్చయిన అమెరికా పరిశోధకుల అధ్యయనం ఒకదానిలో బీడీ తంబాకును సిగరెట్ తంబాకుతో పోల్చి చూశారు. సిగరెట్‌లో గ్రాముకు దాదాపు 16 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటే, బీడీ తంబాకులో 21 దాకా ఉంది. వెయ్యి బీడీలు చుట్టాలంటే పావు కిలోకు అటూ ఇటూ తంబాకు చాటలోకి వస్తుంది. అంటే ఐదు వేల మిల్లీగ్రాముల నికోటిన్ నేల మీద, పసిపిల్ల చేతికందే ఎత్తులో మూత లేకుండా ఉంటుంది. పది కిలోల పిల్లకు వాంతులు మొదలవడానికి రెండు మిల్లీగ్రాములు చాలు. అది చిటికెడులో ఉంటుంది. తంబాకును ఆకు రూపంలో మింగినప్పుడు ఒంటికి కాస్త నెమ్మదిగా ఎక్కుతుంది, వాంతి తొందరగా వస్తుంది. చాలామంది పిల్లలు బయటపడేది అందుకే. కొందరిలో మాత్రం అంతటితో ఆగదు. మొదట వాంతులు, చొంగ, చెమట, గుండె దడ వస్తాయి. తర్వాత ఒళ్లు వేలాడిపోవడం, గుండె నెమ్మదించడం, ఫిట్స్, ఊపిరి మందగించడం. మొదటి దశ చూసి "తగ్గిపోయింది" అనుకునేలోపే రెండో దశ వస్తుంది.

2. ప్రమాదమంతా ఒకే వయసు మీద పడుతోంది. ఏడెనిమిది నెలలకు పిల్ల పాకుతుంది. తొమ్మిది, పది నెలలకు బొటనవేలు, చూపుడువేలు కలిపి నేల మీద చీమను కూడా పట్టుకుంటుంది. పట్టుకున్నది నోట్లో పెట్టుకుంటుంది. అది ఆ వయసు నేర్చుకునే పద్ధతి, తల్లి పెంపకంలో లోపం కాదు. 1997లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ రోడ్ ఐలాండ్ రాష్ట్రం గురించి ఒక నివేదిక ఇచ్చింది. సిగరెట్లు, సిగరెట్ ముక్కలు మింగిన 146 మంది చిన్నపిల్లల లెక్క అది. అందులో ఎక్కువమంది ఏడాది లోపు వాళ్లే. అక్కడైనా ఇక్కడైనా పసిపిల్ల పసిపిల్లే. అక్కడ యాష్‌ట్రే అందింది, ఇక్కడ చాట అందుతోంది.

3. ఆ వయసు పిల్లలు మా సెంటర్లో ఉండరు. మూడేళ్లు నిండినవాళ్లే మా దగ్గర కూర్చుని ఆటపాటలు నేర్చుకుంటారు. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా ఉన్న పిల్లలకు మేమిచ్చేది ఇంటికి తీసుకుపోయే బాలామృతం. ప్యాకెట్ ఇంటికి పోతుంది, పిల్ల చాట పక్కనే ఉంటుంది. నేను చాలా ఇళ్లలో కళ్లారా చూశాను. తంబాకు చేతులను చీరకు తుడుచుకుని, అవే చేతులతో బాలామృతం ఉండ కట్టి పిల్ల నోట్లో పెడతారు. కడుక్కోవడానికి లేవాలంటే బీడీల లెక్క తగ్గుతుంది.

4. పిల్లలు తంబాకు దగ్గర ఉండకూడదని చట్టానికి ఎప్పుడో తెలుసు. 1966లో బీడీ, సిగార్ కార్మికులకు విడిగా చట్టం చేసినప్పుడు, నిర్ణీత సంఖ్యకు మించి ఆడవాళ్లు పనిచేసే ప్రాంగణాల్లో ఆరేళ్ల లోపు పిల్లలకు వేరే గది ఉండాలని రాశారు. 2020లో ఆ చట్టాన్ని కొత్త కార్మిక కోడ్‌లో కలిపేశారు. కానీ ఆ గది ఆలోచన కార్ఖానా గోడల మధ్యే ఉండిపోయింది. పని మాత్రం గోడ దాటి మా ఇళ్లకు వచ్చింది. కంపెనీకి షెడ్డు ఖర్చు మిగిలింది, కరెంటు బిల్లు మిగిలింది, పిల్లల గది ఖర్చు కూడా మిగిలింది. మిగిలిన ఆ ఖర్చుకు ఇప్పుడు మా పిల్లలు లెక్క కడుతున్నారు. కఠినంగా ఉందని మీకనిపిస్తే క్షమించండి, ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు రాలేదు.

5. పొగ తాగేవాడికి హెచ్చరిక ఉంది, చుట్టేవాళ్లకు లేదు. 2016 నుంచి బీడీ కట్ట మీద 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక ఉండాలి. మంచిదే. కానీ మా ఊరికి వచ్చే తంబాకు సంచుల మీద "పిల్లలకు అందనివ్వకండి" అన్న నాలుగు మాటలు కూడా నేను చూడలేదు. కిరాణాకొట్టులో కొనే ఎలుకల మందు డబ్బా మీద కూడా ఆ మాట రాసి ఉంటుంది.

6. మొదటి గంట వృథా అవుతోంది. ఉప్పు నీళ్లు, చింతపండు రసం, సబ్బు నీళ్లు, గొంతులో వేలు పెట్టి కక్కించడం. ఇవన్నీ ప్రేమతోనే చేస్తారు. కానీ మత్తుగా ఉన్న పిల్లకు ఏదైనా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, ఉప్పు ఎక్కువైతే అదే ఇంకో విషం. పైగా మనది పత్తి, వరి, పసుపు పండించే ప్రాంతం. ప్రతి ఊళ్లో పురుగుమందు ఉంటుంది. నికోటిన్ లక్షణాలు, కొన్ని పురుగుమందుల లక్షణాలు మొదట్లో దాదాపు ఒకేలా ఉంటాయి. పిల్ల ఏం మింగిందో ఇంట్లోవాళ్లు చెప్పకపోతే డాక్టర్ చీకట్లో వెతుక్కోవాలి.

7. ఖర్చు కూడా ఆ ఇంటిదే. నేను చెప్పిన కుటుంబానికి ఆటోలు, బయట కొన్న మందులు, పెద్దాస్పత్రి దగ్గర తిండి ఖర్చు అన్నీ వడ్డీ అప్పుతోనే గడిచాయి. తల్లి పది రోజులు బీడీలు చుట్టలేదు, ఆ పది రోజుల కూలీ పోయింది. మళ్లీ చాట ముందు కూర్చున్నప్పుడు పాప నడుముకు చీర ముక్క కట్టి, రెండో కొస మంచం కోడుకు కట్టింది. నేను వెళ్లి చూసినప్పుడు ఆ పాప కట్టు ఉన్నంత దూరం పాకి, ఆగి, మళ్లీ వెనక్కి తిరిగి పాకుతోంది. ఆ తల్లికి తోచిన ఉపాయం అదొక్కటే. దాన్ని తప్పు పట్టే నోరు నాకు లేదు.

చాట సంగతి ఇంత విడమర్చి చెప్పినా, ఇళ్లలో తంబాకు ఇంకా చాలా రూపాల్లో ఉంది. తాత మంచం కింద ఉమ్మే గ్లాసు ఉంటుంది. దాన్ని పిల్లలు నీళ్లనుకుని ఎత్తుతారు. చొక్కా జేబులో ఖైనీ, జర్దా ప్యాకెట్లు, గుట్కా చిన్న కవర్లు, వాటితో పాటు సున్నం ట్యూబు. ఆ సున్నం ట్యూబును పిల్లలు నొక్కితే చిమ్మి కంట్లో పడుతుంది, చూపే పోయే ప్రమాదం. సేంద్రియ సేద్యం చేసేవాళ్ల ఇళ్లలో పంట పురుగులకు కొట్టే అగ్ని అస్త్రం, పొగాకు కషాయం ఉంటాయి. పొగాకు, పచ్చిమిరప, వెల్లుల్లి, వేపాకు గోమూత్రంలో ఉడికించి వడగట్టిన ఆ ద్రావణాన్ని కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి మూలన పెడతారు. సహజం కాబట్టి ప్రమాదం లేదనే నమ్మకం ఒకటి ఊళ్లలో ఉంది. పిల్లల విషయంలో ఆ నమ్మకం తప్పు. పట్నం ఇళ్లలో సిగరెట్ మానేయడానికి వాడే నికోటిన్ గమ్ ఉంటుంది. 2 మిల్లీగ్రాములది డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతుంది, చూడ్డానికి మామూలు చూయింగ్ గమ్ లాగే ఉంటుంది. తలలో పేలకు పొగాకు నీళ్లు రాసే అలవాటు కూడా ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, దయచేసి అది మానండి.

"ఇవన్నీ మా చేతిలో ఉన్న పనులా?" అని మీరు అడగవచ్చు. ఇంకో దేశంలో ఏం చేశారో ఒక్క ముక్క చెప్తాను. అమెరికాలో ఈ-సిగరెట్లలో పోసే నికోటిన్ ద్రవం సీసాలు పిల్లల చేతిలో పడటం మొదలైంది. 2014 డిసెంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది పసివాడు ఆ ద్రవం వల్ల చనిపోయాడు. 2016 జనవరిలో చట్టం వచ్చింది: పిల్లలు విప్పలేని మూత లేకుండా ఆ సీసా అమ్మకూడదు. వాళ్లు తల్లులకు బుద్ధి చెప్పి ఊరుకోలేదు, సీసా తయారుచేసేవాళ్లను మూత మార్చమన్నారు. మన దేశం 2019లో ఈ-సిగరెట్లనే నిషేధించింది. అంత పెద్ద నిర్ణయం తీసుకున్న మన ప్రభుత్వాలకు చాటకు ఒక మూత పెట్టించడం పెద్ద పని కాదని నా నమ్మకం. అమెరికాలో, యూరప్‌లో ఉండే మన తెలుగువాళ్లు సెలవులకు ఊరొచ్చినప్పుడు బ్యాగుల్లో తెచ్చే ఈ-సిగరెట్ ద్రవాలు, నికోటిన్ పౌచ్‌లు కూడా పిల్లలకు అందని చోట పెట్టమని ఇక్కడే అడుగుతున్నాను. ఆ ద్రవం ఆకు కంటే చాలా వేగంగా ఒంటికి ఎక్కుతుంది.

మా డిమాండ్లు ఇవి. ఎవరిది వాళ్లకు విడిగా రాస్తున్నాను, ఈసారి ఎవరూ పక్క శాఖను చూపించకుండా.

కంపెనీ యాజమాన్యాలకు:

1. తంబాకు ఇచ్చే ప్రతి కార్మికురాలికి గట్టి గడియ ఉన్న స్టీలు డబ్బా ఒకటి కంపెనీ ఖర్చుతో ఇవ్వాలి. తంబాకు ఇంటికి పోయేది, ఇంట్లో ఉండేది ఆ డబ్బాలోనే. చాటలోకి కావలసినంతే తీసుకుని, లేచినప్పుడు చాట మీద కప్పడానికి బిగుతుగా పట్టే మూత కూడా ఇవ్వాలి. కూలీలో కోత లేకుండా.

2. ప్రతి తంబాకు సంచి మీద, ప్రతి డబ్బా మీద తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయాలి: ఇది పిల్లలకు విషం, మింగితే వెంటనే ఆస్పత్రికి. చదువు రాని అక్కల కోసం పాకే పిల్ల బొమ్మ వేయాలి.

3. పిల్ల తంబాకు మింగిందని చెప్పినందుకు ఏ తల్లి కార్డూ తీసేయబోమని, పని ఆపబోమని రాతపూర్వకంగా కంపెనీ సెంటర్ గోడకు అంటించాలి. నా లెక్కలో ఇది అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. ఇందుకు పైసా ఖర్చు లేదు.

కార్మిక శాఖకు:

4. ఇంటి దగ్గర పనిచేసినా అది పని చేసే చోటే. తంబాకు నిల్వ, చేతులు కడుక్కునే సబ్బు, పిల్లల దూరం గురించి ఇళ్లకు సరిపోయే నియమాలు రాసి, అమలు బాధ్యత కంపెనీల మీద పెట్టాలి. తనిఖీ పేరుతో తల్లుల మీదికి మాత్రం రాకండి.

శిశు సంక్షేమం చూసేవారికి:

5. బీడీలు ఎక్కువగా చుట్టే ఊళ్లను గుర్తించి, 2022లో కేంద్రం మిషన్ శక్తి కింద చేర్చిన పాల్నా పథకంలో అంగన్‌వాడీ-కమ్-క్రెష్‌లు (తల్లి పనిలో ఉన్నప్పుడు పసిపిల్లల్ని చూసుకునే కేంద్రాలు) ముందుగా ఇక్కడే తెరవాలి. ఆరు నెలల నుంచే పిల్లల్ని పెట్టుకునే వీలు అందులో ఉంది. రాష్ట్రంలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. అన్నీ అడగడం లేదు, చాటలున్న ఊళ్లు అడుగుతున్నాం. అదనంగా ఒక ఆయాను ఇవ్వకుండా ఈ పని మా మీద వేస్తే అది నడవదని కూడా ఇప్పుడే చెప్తున్నాను.

ఆరోగ్య శాఖకు:

6. చిన్నపిల్లల ఇంటింటి సంరక్షణ కింద ఆశా అక్కలు 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటికి వెళ్తారు. సరిగ్గా ప్రమాదం ఉన్న వయసు అదే. 6, 9 నెలల సందర్శనలో "ఈ ఇంట్లో తంబాకు ఎక్కడ పెడుతున్నారు?" అన్న ఒక్క ప్రశ్న వాళ్ల ఫారంలో చేర్చాలి. మాతా శిశు సంరక్షణ కార్డులో ఒక పెట్టె గీసి అదే రాయాలి.

7. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోని డాక్టర్లు, నర్సులు, 108 సిబ్బంది, ఊళ్లో మొదట చూసే ఆర్‌ఎంపీలకు నికోటిన్ విషం గుర్తుపట్టడం మీద ఒక పూట శిక్షణ ఇవ్వాలి. బీడీ ప్రాంతంలో పిల్ల వాంతులు, చొంగతో వస్తే "తంబాకు ఉందా ఇంట్లో?" అని తిట్టకుండా అడగడం అందులో మొదటి పాఠం కావాలి.

8. ఇట్లాంటి కేసులకు విడిగా రిజిస్టర్ పెట్టాలి. ఇప్పుడివి "వాంతులు", "ఏదో మింగింది" అనే మాటల కింద కలిసిపోతున్నాయి. ఎంతమంది అని మీరు మమ్మల్ని అడుగుతారు. లెక్క రాయాల్సింది మీరు.

మా అక్కలకు, చెల్లెళ్లకు కూడా నాలుగు మాటలు. పిల్ల నోట్లో తంబాకు కనపడితే వేలికి తడిగుడ్డ చుట్టి బుగ్గల లోపల, నాలుక మీద తుడిచి తీసేయండి. కక్కించొద్దు. ఉప్పు నీళ్లు, చింతపండు రసం, ఏదీ పోయొద్దు. పొగాకు ద్రావణం ఒంటి మీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడగండి. మత్తుగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది, 1800 116 117, ఫోన్ ఉచితం. మిగిలిన తంబాకు, ప్యాకెట్ లేదా సీసా వెంట తీసుకుపోండి. డాక్టర్‌కు "తంబాకు" అని గట్టిగా చెప్పండి. ఎవరు తిట్టినా తర్వాత చూసుకుందాం. పిల్ల బాగానే కనిపిస్తున్నా కొన్ని గంటలు డాక్టర్ కళ్ల ముందు ఉంచండి. పిల్ల తేరుకున్నాక, ఈ టెన్షన్‌లో పాలివ్వడం మాత్రం మానొద్దు, చేతులు, రొమ్ము సబ్బుతో కడుక్కుని పాలివ్వండి.

చివరగా, మేము చేతులు కట్టుకుని కూర్చోలేదని మీకు తెలియాలి. మా పొదుపు సంఘం పైసలతో పద్నాలుగు స్టీలు డబ్బాలు కొన్నాం. మా గల్లీలో పసిపిల్లలున్న ప్రతి ఇంట్లో ఇప్పుడు ఒకటుంది. మా ఊరి వడ్లాయన పాత చెక్కలతో నాలుగు చాటలకు మూతలు చేసిచ్చాడు, కూలీ తీసుకోలేదు. మంచం కోడుకు కట్టిన ఆ పాపకు ఇప్పుడు నడక వచ్చింది. చీర ముక్క విప్పేశారు. డబ్బా గడియతో ఆడుకుంటుంది, కానీ తీయలేదు. నేను రెండుసార్లు కూర్చుని చూశాను.

డబ్బా ఎట్లా ఉంటుందో చూడాలనుకుంటే మా సెంటర్‌కు రండి, ఒకటి అక్కడే పెట్టాం. ఈ ఉత్తరం అందిన ముప్పై రోజుల్లో కంపెనీల నుంచి, మూడు శాఖల నుంచి రాతపూర్వక జవాబు అడుగుతున్నాం. రాకపోతే నాలుగోసారి అర్జీతో వస్తాం. ఈసారి ఒక్కరిద్దరం కాదు, మా వాడకట్టు ఆడవాళ్లందరం చాటలు పట్టుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని వస్తాం.

ఇట్లు,
బీడీ కార్మికురాలి బిడ్డ, అంగన్‌వాడీ టీచర్